తమ్ముడు ఆలివ్ కోతలకి వెస్ట్ బ్యాంక్ వెళ్తానంటున్నాడు, తెలిసినవాళ్ళు చెప్పండి

రెడ్మండ్_రమ్య
మా తమ్ముడు యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో మాస్టర్స్ చేస్తున్నాడు. ఇండియన్ పాస్‌పోర్ట్, ఎఫ్-1 విద్యార్థి వీసా. 2024 సెప్టెంబర్ 6న, ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లో, బేతా అనే ఊళ్ళో ఇజ్రాయెల్ సైన్యం కాల్పుల్లో చనిపోయిన ఐషెనూర్ ఎజ్గి ఎయ్‌గి గుర్తుందా? ఆ అమ్మాయిదీ వీళ్ళ యూనివర్సిటీయే. 26 ఏళ్ళు, ఆ ఏడాదే పట్టా తీసుకుంది. ఆమె కోసం పెట్టిన సభలకి వెళ్తూ వెళ్తూ మావాడు ఇప్పుడు "అక్టోబర్‌లో ఆలివ్ కోతలకి నేనూ వెళ్తా" అని కూర్చున్నాడు. ఇంటర్నేషనల్ సాలిడారిటీ మూవ్‌మెంట్ అనే సంస్థ పేరు చెప్తున్నాడు. నరసరావుపేటలో అమ్మానాన్నలకి ఇంకా తెలీదు.

అసలు ఈ వాలంటీర్లు అక్కడికి వెళ్ళి ఏం చేస్తారు? ఎంత ప్రమాదం? వీసా సంగతేంటి? రాజకీయాలు రాకుండా ఈ చర్చ జరగదని నాకూ తెలుసు. రానివ్వండి. తిట్లు మాత్రం వద్దు.

సందేహాల_సుబ్బారావు
ఎఫ్-1 మీద ఉన్నవాడు అక్కడికి వెళ్తే మళ్ళీ అమెరికాలో అడుగుపెట్టగలడా? ముందు అది తేల్చుకోండి. మిగతావన్నీ తర్వాత.

మిర్చిబజ్జీ_99
నరసరావుపేటలో ఈపాటికే తెలిసిపోయి ఉంటుందక్కా. తెలిసినట్టు నీకు తెలీదు, అంతే.

పాలమూరు_పిల్లగాడు
గా పిల్ల ఏం జేస్తుంటే కాల్చిన్రు? నిజంగ తెల్వకనే అడుగుతున్న.

పుస్తకాల_పురుగు
బేతా నాబ్లుస్‌కి దక్షిణాన ఉంటుంది. ఊరికి ఆనుకుని జబల్ సబీహ్ అనే కొండ. 2021 మేలో ఆ కొండ మీద ఎవ్యతార్ పేరుతో సెటిలర్లు, అంటే ఆక్రమిత భూమిలో వచ్చి స్థిరపడే ఇజ్రాయెలీలు, గుడిసెలు వేసుకున్నారు. ఇజ్రాయెల్ చట్టం ప్రకారం కూడా అనుమతి లేనివి అవి. అప్పట్నుంచీ శుక్రవారం నమాజు కాగానే ఊరివాళ్ళ నిరసన. 2024 జూన్‌లో ఇజ్రాయెల్ కేబినెట్ ఆ గుడిసెల్నే సక్రమం చెయ్యాలని నిర్ణయించింది.

ఐషెనూర్ అక్కడికి వచ్చి వారం కూడా కాలేదు. ఆ రోజు నిరసన చూడ్డానికి వెళ్ళింది. ఘర్షణ మొదలవగానే అందరూ కొండ దిగి ఆలివ్ తోటలోకి వచ్చేశారు. అక్కడ తలకి తూటా తగిలింది. గొడవకి ముఖ్య కారకుడి మీద పేల్చిన తూటా పరోక్షంగా, అనుకోకుండా ఆమెకి తగిలి ఉండే అవకాశం చాలా ఎక్కువని సైన్యం చెప్పింది. వాషింగ్టన్ పోస్ట్ వాళ్ళు వీడియోలు, సాక్షుల మాటలు పెట్టి చూస్తే, ఘర్షణ తీవ్రంగా ఉన్న సమయం దాటి అరగంట పైనే అయింది. జనం సైనికులకి 200 గజాలకు పైగా దూరం వెళ్ళిపోయి కూడా 20 నిమిషాలు గడిచాయి. అప్పుడు పేలింది ఆ తూటా.

పాలమూరు_పిల్లగాడు
ఉరుకుతున్నోళ్ళ మీద కాదు, పోయి నిలవడ్డోళ్ళ మీద అన్నట్టు.

నీలిమేఘం_లెస్టర్
రమ్య గారూ, నేను వెళ్ళాను. 2023 యుద్ధానికి ముందు, నాబ్లుస్ దక్షిణం వైపు ఊళ్ళకి, ఆలివ్ కోతల్లోనే. నాది బ్రిటిష్ పాస్‌పోర్ట్. మీ తమ్ముడి పరిస్థితి వేరు, దాని గురించి చివర్లో రాస్తాను.

ముందు శిక్షణ ఉంటుంది. మొదట చెప్పేది ఒకటే. ఊరివాళ్ళు పిలిస్తేనే వెళ్ళాలి, ఏం చెయ్యాలో వాళ్ళు నిర్ణయిస్తారు, మనం వాళ్ళ పక్కన ఉంటాం. వాళ్ళ తరఫున ముందుకి దూకడం ఉండదు. సైనికుణ్ణి గానీ సెటిలర్‌ని గానీ తాకకూడదు, తొయ్యకూడదు. మన మీద చెయ్యి పడినా తిరిగి చెయ్యి ఎత్తకూడదు. అయిదారుగురు ఒక జట్టుగా ఉంటాం. ఏ పనికైనా ముందు జట్టంతా కూర్చుని మాట్లాడుకోవాలి. "నాకు భయంగా ఉంది, దీనికి నేను రాను" అని ఎవరన్నా అంటే బతిమాలడం, సిగ్గుపడేలా చెయ్యడం నిషేధం. తుపాకీ ఎక్కుపెడితే చేతులు ఎక్కడ ఉంచాలి, పరిగెత్తకుండా వెనక్కి ఎలా నడవాలి, బాష్పవాయువు గోళం వస్తుంటే ఏ వైపు తప్పుకోవాలి, ఇవన్నీ ఒకళ్ళు సైనికుడిగా, ఒకళ్ళు రైతుగా నటించి నేర్పిస్తారు.

పని మాత్రం పొలం పనే. తెల్లారకముందే లేవడం, చెట్టు కింద పట్టాలు పరవడం, చేత్తోనో చిన్న ప్లాస్టిక్ దువ్వెనతోనో కొమ్మని దువ్వి కాయలు రాల్చడం, ఆకులు ఏరేసి సంచులకెత్తడం. మధ్యాహ్నం చెట్టు కిందే టీ కాచుకుని రొట్టె తినడం. సగం రోజులు ఇంతకుమించి ఏమీ జరగవు. ఏమీ జరగకుండా ఉండాలనే మమ్మల్ని పిలిచేది.

మిగతా సగం రోజుల్లో పైనుంచి సెటిలర్లు దిగుతారు. చేతుల్లో కర్రలు, ఒక్కోసారి తుపాకులు. అప్పుడు మాలో ఒకరు వీడియో తియ్యాలి, ఒకరు పోలీసులకి ఫోన్ చెయ్యాలి, మిగిలినవాళ్ళు కోత ఆపకూడదు. కాసేపటికి సైన్యం వచ్చి "ఇది మూసివేసిన సైనిక ప్రాంతం" అని కాగితం చూపిస్తుంది. తాతల నాటి పత్రాలున్న రైతు బయటికి నడవాలి. నేను చూసినంతలో చాలాసార్లు ఆ కాగితం రైతుకీ మాకూ వర్తించింది, పైనుంచి దిగొచ్చినవాళ్ళకి వర్తించలేదు.

సందేహాల_సుబ్బారావు
అంటే సైనిక ప్రాంతమని చట్టబద్ధంగా ప్రకటించాక కూడా ఉండిపోయి గొడవ పెట్టుకోవడమే ఈ ఉద్యమం. ఏ దేశమైనా ఊరుకుంటుందా? మన కాశ్మీర్లోకి విదేశీయులొచ్చి ఇలా చేస్తే మనం ఊరుకుంటామా?

వకీల్_సాబ్_హన్మకొండ
సుబ్బారావు గారూ, చట్టం మాటెత్తారు కాబట్టి చెప్తున్న. ఇజ్రాయెల్ సుప్రీంకోర్టే 2006లో తీర్పిచ్చింది. రైతుల్ని వాళ్ళ పొలాలకి పోనియ్యాలె, కోతలప్పుడు సైన్యం వాళ్ళకి రక్షణ ఇయ్యాలె అని. సెటిలర్లు కొడతరనే కారణంతో రైతును పొలం నుంచి వెళ్ళగొట్టుడు దెబ్బలు తిన్నోణ్ణే శిక్షించినట్టు అని కోర్టు ఉద్దేశం. దాని తర్వాత వచ్చిందే "సమన్వయం" పద్ధతి. సెటిల్‌మెంట్ల పక్కన భూములున్నోళ్ళకి ఏడాదిలో కొన్ని రోజులు సైన్యం కేటాయిస్తది. ఆ రోజుల్లోనే కోసుకోవాలె. 2023 అక్టోబర్ 7 హమాస్ దాడి తర్వాత చాలా ఊళ్ళకి ఆ రోజులు కూడా ఇయ్యలే. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం ఆ సీజన్‌లో 96,000 దునుముల తోటలు కోయకుండనే మిగిలినయ్. దునుము అంటే మనకి పావెకరం కాడికి. మీరే లెక్కేసుకోండి.

ఇంకొకటి, 2024 జులై 19న అంతర్జాతీయ న్యాయస్థానం ఈ ఆక్రమణే చట్టవిరుద్ధమని సలహా అభిప్రాయం చెప్పింది. కాశ్మీర్‌తోని పోలిక పెట్టేటప్పుడు అది కూడా చూడండి.

మిర్చిబజ్జీ_99
24,000 ఎకరాలు. మా మండలం మొత్తం కాపు చెట్టు మీదే ఎండిపోయినట్టు.

కోనసీమ_కుర్రాడు
నేను వేరే వైపు నుంచి మాట్లాడతా, తిట్టకండి. మా మేనత్త ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్. మా ఊరి చుట్టుపక్కల నుంచి చాలామంది వెళ్ళారు. అత్త చూసుకునే ముసలావిడ సైరన్ మోగితే తనంతట తాను లేవలేదు. ఈవిడే ఎత్తుకుని షెల్టర్‌లోకి దిగాలి. 2025 జూన్‌లో ఇరాన్ క్షిపణులు వచ్చినప్పుడు రాత్రుళ్ళు అదే పని. అక్టోబర్ 7న 1,200 మంది దాకా చనిపోయారు, 251 మందిని ఎత్తుకుపోయారు. ఆ ముసలావిడ బంధువుల్లోనూ ఉన్నారు. వాళ్ళది ఉత్తుత్తి భయం కాదు. ఈ వాలంటీర్లు ఆ ఇళ్ళ ముందు ఎందుకు నిలబడరని మా అత్త అడుగుతుంది.

పాలమూరు_పిల్లగాడు
@కోనసీమ_కుర్రాడు అన్నా, అత్తమ్మ బాధ నిజమే. మా దిక్కు నుంచి గూడ 2024ల హైదరాబాద్‌ల సెలక్షన్లు పెడితే మేస్త్రీ పనికి పోయిన్రు. ఆ పనులు అంతకుముందు ఎవరు చేస్తుండిరి? వెస్ట్ బ్యాంక్ నుంచి పొద్దుగాల్నే చెక్‌పోస్ట్ దాటి వచ్చే పాలస్తీనా మేస్త్రీలు. యుద్ధం కాంగనే వాళ్ళ పర్మిట్లు ఆపిన్రు. మనోళ్ళు పోయింది ఆ ఖాళీలకే. మనోళ్ళని తప్పు పడ్తలేను, కడుపు కోసం పోతరు. కానీ మనకి సంబంధం లేని గొడవ అని మాత్రం అనలేం.

నీలిమేఘం_లెస్టర్
కోనసీమ గారూ, మీ అత్త గారి ప్రశ్నకి నాకు తోచింది చెప్తాను. ఆ ముసలావిడని కాపాడ్డానికి ఒక రాజ్యం ఉంది. సైరన్ ఉంది, షెల్టర్ ఉంది, సైన్యం ఉంది. ఉన్నా అక్టోబర్ 7న కాపాడలేకపోయారు, అది ఘోరం. నేనున్న ఊళ్ళో రాత్రి ఇంటి మీదికి మనుషులొస్తే ఫోన్ చెయ్యడానికి ఎవరున్నారు? పాలస్తీనా పోలీసులకి అక్కడికి వచ్చే అధికారం లేదు. వెస్ట్ బ్యాంక్‌లో 60 శాతం దాకా ఉన్న సి ఏరియా పూర్తిగా ఇజ్రాయెల్ సైన్యం చేతిలోది. ఆ సైన్యమే వచ్చి, దాడికి వచ్చినవాళ్ళ పక్కన నిలబడితే? పరాయి దేశపు మనిషి ఒకరు ఇంట్లో పడుకోవడమే అక్కడ రక్షణ.

ఇంకోటి. మాతో కోతలకి వచ్చినవాళ్ళలో ఇజ్రాయెలీ యూదులూ ఉన్నారు. తాయుష్, మానవ హక్కుల కోసం రబ్బీలు, ఇలాంటి సంస్థల వాళ్ళు. ఒక పెద్దాయన కిప్పా (యూదులు పెట్టుకునే చిన్న టోపీ) పెట్టుకుని నిచ్చెనెక్కి కాయలు కోసేవాడు. సెటిలర్లు మా కంటే ఆయన్నే ఎక్కువ తిట్టేవాళ్ళు.

కోనసీమ_కుర్రాడు
అది నాకు తెలీదు. అత్తకి చెప్తా.

సందేహాల_సుబ్బారావు
బాగుంది. మరి ఇదే ఇంటర్నేషనల్ సాలిడారిటీ మూవ్‌మెంట్ (ఐఎస్ఎం) వాళ్ళ దగ్గరికి 2003లో ఆత్మాహుతి బాంబర్లు వచ్చి టీ తాగి వెళ్ళిన సంగతి ఎవరూ చెప్పరేం? టెల్ అవీవ్‌లో మైక్స్ ప్లేస్ బార్. ముగ్గురు చనిపోయారు. అహింస అని పేరు పెట్టుకోగానే సరిపోదు.

పుస్తకాల_పురుగు
అడగాల్సిన ప్రశ్నే. 2003 ఏప్రిల్ 30న ఆ దాడి చేసింది బ్రిటన్ నుంచి వచ్చిన ఇద్దరు. దానికి కొద్ది రోజుల ముందు గాజాలోని రఫాలో ఐఎస్ఎం వాళ్ళ దగ్గర కొద్దిసేపు ఆగారు. అంతకుముందు నెలలో అక్కడే సైన్యం బుల్డోజర్ కింద పడి పోయిన అమెరికన్ వాలంటీర్ రేచల్ కొర్రీ చనిపోయిన చోట పూలు పెట్టడానికి వెళ్తున్న గుంపులో కలిసి వెళ్ళారు. వాళ్ళెవరో, ఎందుకొచ్చారో తమకి తెలీదని సంస్థ చెప్పింది. తెలిసి సహకరించారని ఏ కోర్టులోనూ రుజువు కాలేదు. కానీ ఎవరొచ్చినా తలుపు తీసే సంస్థకి ఉండే ప్రమాదం అదే, నేను కాదనను. వెంటనే మే నెలలో బేత్ సహూర్‌లో వాళ్ళ ఆఫీసు మీద సైన్యం దాడి చేసి కంప్యూటర్లు పట్టుకెళ్ళింది. గాజాలోకి వెళ్ళే విదేశీయుల చేత "నాకేమైనా అయితే సైన్యానిది బాధ్యత కాదు, నేను ఐఎస్ఎం మనిషిని కాను" అని సంతకం పెట్టించుకోవడం మొదలైంది.

ఇంకో మాట కూడా. పాలస్తీనా వాళ్ళ సాయుధ పోరాటాన్ని ఐఎస్ఎం బహిరంగంగా ఖండించదు. తమ వాలంటీర్లు మాత్రం అహింస తప్పకూడదంటుంది. నాకు ఇది ఇబ్బందిగానే ఉంటుంది. గాంధీ 1938 నవంబర్ 26న హరిజన్‌లో రాసింది కూడా అటూ ఇటుగా ఇక్కడే ఆగుతుంది. అరబ్బులు అహింసా మార్గం ఎంచుకుని ఉంటే బాగుండేదని అన్నాడు. అంత పెద్ద బలానికి ఎదురు నిలిచిన వాళ్ళని మామూలు న్యాయం కొలతల్లో తప్పు పట్టలేనని కూడా అన్నాడు.

సందేహాల_సుబ్బారావు
అదే గాంధీ జర్మనీ యూదుల్ని సత్యాగ్రహం చెయ్యమన్నాడు. హిట్లర్ ముందు. ఆ సలహా ఎంత ఘోరమో చరిత్ర చెప్పింది. అహింస అన్నిచోట్లా పనిచెయ్యదు.

తెనాలి_తాతయ్య
అన్నిచోట్లా పనిచెయ్యదు, ఒప్పుకుంటాను. ఎక్కడ పనిచేసిందో కూడా చూడాలి కదా నాయనా.

పైన బేత్ సహూర్ పేరొచ్చింది. బెత్లెహేం పక్క ఊరు. ఎక్కువమంది క్రైస్తవులు. మొదటి ఇంతిఫాదాలో (పాలస్తీనా ప్రజల తిరుగుబాటు), 1989లో, ఊరు ఊరంతా ఇజ్రాయెల్‌కి పన్నులు కట్టం అంది. "మాకు ఓటు లేదు, మా పన్నుతో మా మీదికే తూటాలు కొంటారు, ఎందుకు కట్టాలి?" అని. సైన్యం వారాల తరబడి ఊరిని దిగ్బంధం చేసింది. ఇళ్ళల్లో ఫ్రిజ్‌లు, టీవీలు, కొట్లల్లో సరుకు, మిషన్లు అన్నీ జప్తు చేసి లారీల్లో తోలుకుపోయింది. ఐఎస్ఎం పెట్టినవాళ్ళలో ఒకరైన ఘస్సాన్ అందోనీ ఆ ఊరివాడే, ఆ పన్నుల పోరాటంలోంచి వచ్చినవాడే. 2001లో విదేశీయుల్ని పిలవాలన్న ఆలోచన ఊరికే పుట్టలేదు.

మాది గుంటూరు జిల్లా కాబట్టి నాకు అది చదివినప్పుడల్లా 1921-22 పెదనందిపాడు గుర్తొస్తుంది. పర్వతనేని వీరయ్య చౌదరి గారు, శాంతిసేన, పన్నుల నిరాకరణ. ఇక్కడా జప్తులే, ఇక్కడా సైన్యాన్నే దించారు. మా నాన్నగారు ఆ కథలు చెప్పేవారు. పన్ను కట్టనివాడి గొడ్డుని తోలుకుపోతుంటే ఊరంతా చూస్తూ నిలబడాలి, రాయి తియ్యకూడదు. ఎంత కష్టమో ఆలోచించండి. మీ తమ్ముడు వెళ్ళేదీ అలా నిలబడే వాళ్ళ పక్కకే అమ్మా.

పుస్తకాల_పురుగు
గొడ్డు అంటే గుర్తొచ్చింది తాతయ్య గారూ, అదే బేత్ సహూర్‌లో ఇజ్రాయెల్ పాలు మానేద్దామని ఒక కిబ్బుత్జ్ (ఇజ్రాయెల్ ఉమ్మడి వ్యవసాయ పల్లె) నుంచి 18 ఆవుల్ని కొనుక్కున్నారు. సైన్యం ఆ ఆవుల్ని భద్రతకి ముప్పు అని ప్రకటించింది. ఊరివాళ్ళు ఆవుల్ని దాచారు, సైనికులు వెతుకుతూ తిరిగారు.

మిర్చిబజ్జీ_99
ఆవుల కోసం సైనికుల గాలింపా! కొట్టంలో కట్టేసినా కనిపెట్టేస్తారు, అరుస్తాయి కదా. రాత్రుళ్ళు దాచినవాళ్ళకి దండం పెట్టాలి.

తెనాలి_తాతయ్య
మేత వేస్తే అరవదు మిర్చీ. పల్లెటూరి వాళ్ళకి తెలుసు ఆ కిటుకు.

రెడ్మండ్_రమ్య
అందరికీ థాంక్స్. తాతయ్య గారు రాసింది తమ్ముడికి చదివి వినిపించా, వాడి ఉత్సాహం ఇంకా పెరిగింది. 🙂 నాకు మాత్రం ప్రమాదం సంగతి ఇంకా స్పష్టంగా తెలియాలి. ఐషెనూర్ కాకుండా ఇంతకుముందు ఎంతమందికి ఇలా అయింది? రేచల్ కొర్రీ గురించి విన్నాను, ఆమె ఊరు ఒలింపియా మాకు గంటన్నర దూరం.

వకీల్_సాబ్_హన్మకొండ
రేచల్ కొర్రీది 2003 మార్చి 16. రఫాల ఇళ్ళు కూల్చే కాలం. 2000 నుంచి 2004 మధ్య గాజాల 2,500 కంటే ఎక్కువ ఇళ్ళు కూల్చిన్రు, మూడింట రెండొంతులు రఫాలనే అని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్క. ఆమె ఒక మందుల షాపాయన ఇంటి ముందు మెరిసే నారింజ రంగు జాకెట్ ఏసుకొని నిలబడ్డది. డీ9 బుల్డోజర్ ఆమె మీదికి వచ్చింది. 23 ఏళ్ళు. డ్రైవర్‌కి కనపడలేదని సైన్యం తేల్చుకుంది.

తల్లిదండ్రులు కేసేసిన్రు. అడిగిన నష్టపరిహారం ఒక్క డాలర్. 2012 ఆగస్ట్‌ల హైఫా జిల్లా కోర్టు కొట్టేసింది. అది యుద్ధ చర్య, ఆమె తనంతట తానే ప్రమాదంలకి పోయింది అన్నది. 2015ల సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. సైన్యం చేసిన విచారణ నమ్మదగ్గట్టు లేదని అమెరికా ప్రభుత్వమే ఆ కుటుంబానికి చెప్పింది, అయినా చేసిందేం లేదు. వకీలుగా నాకు ఆ తీర్పుల అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకునేది "యుద్ధ చర్య" అన్న మాటే. ఇల్లు కూల్చుడు యుద్ధమైతే ఆ ఇంట్ల ఉన్న పిల్లలు ఎవరు?

నీలిమేఘం_లెస్టర్
టామ్ హర్న్‌డాల్ మా దేశం కుర్రాడు. అదే రఫా, ఏప్రిల్ 11, అంటే రేచల్ పోయిన నెల లోపే. కాల్పుల మధ్య చిక్కుకున్న పిల్లల్ని పక్కకి తీసుకొస్తుంటే తలలో కాల్చారు. తొమ్మిది నెలలు కోమాలో ఉండి 2004 జనవరిలో చనిపోయాడు. ఆయుధం పట్టుకున్నవాణ్ణి కాల్చానని ఆ సైనికుడు మొదట చెప్పాడు. కుటుంబం పట్టు వదల్లేదు, అబద్ధమని తేలింది. ఆ సైనికుడికి 8 ఏళ్ళ శిక్ష పడింది. ఇన్నేళ్ళలో అలా శిక్ష దాకా వెళ్ళినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

2009లో నిలీన్‌లో ట్రిస్టన్ ఆండర్సన్ అనే అమెరికన్‌కి బాష్పవాయువు గోళం నుదుటికి తగిలి మెదడు దెబ్బతింది. 2011లో ఇటలీ అతను విత్తోరియో అర్రిగోనిని గాజాలో ఒక సలఫీ (ఇస్లామిక్ ఛాందస) ముఠా ఎత్తుకెళ్ళి చంపింది. ఇది కూడా చెప్పాలి, ప్రమాదం ఒకే వైపు నుంచి రాదు.

పాలమూరు_పిల్లగాడు
ఒక మాట అడుగుత, కోపం చేసుకోకుండ్రి. అందరం ఐషెనూర్, రేచల్, టామ్ అంటున్నం. పేర్లు నోటికొస్తున్నయ్. అదే బేతాల ఆ కొండ కోసం సచ్చిన ఊరోళ్ళ పేరు ఇక్కడ ఒక్కరన్న చెప్పగలరా? నాకూ రాదు. విదేశీ పాస్‌పోర్ట్ ఉన్న ప్రాణం ఒక రేటు, లేని ప్రాణం ఇంకో రేటా?

పుస్తకాల_పురుగు
ఒక్క పేరు చెప్తాను, బేతా కాదు, బిలీన్. బస్సెం అబూ రహ్మా. 2009 ఏప్రిల్ 17న ఊరి భూముల్లోంచి ఇజ్రాయెల్ వేసిన కంచె దగ్గర నిరసనలో బాష్పవాయువు గోళం ఛాతీకి తగిలి చనిపోయాడు. ఆయుధం లేదు, వీడియో ఉంది. ఎవరికీ శిక్ష పడలేదు. బిలీన్‌లో 2005 నుంచి వారం వారం నిరసన. పక్కన విదేశీయులు, ఇజ్రాయెలీలు. 2007లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు ఆ కంచె దారి మార్చమంది, 2011లో గానీ మార్చలేదు. పోయిన భూమిలో కొంత ఊరికి తిరిగొచ్చింది. ఆ పోరాటం ఊరిది. వచ్చినవాళ్ళు తోడు.

ఇంకోటి ఈమధ్యది. అవ్‌దా హథలీన్. మసాఫెర్ యత్తా దగ్గర ఉమ్మ్ అల్ ఖైర్‌లో ఇంగ్లిష్ టీచర్. 2025 జులై 28న సొంత ఊళ్ళోనే సెటిలర్ తూటాకి పోయాడు. కాల్చింది యినోన్ లెవీ అని వీడియోలో కనిపిస్తోంది. అతన్ని గృహనిర్బంధంలో పెట్టి కొద్ది రోజులకే అదీ ఎత్తేశారు. ఊళ్ళోకి వచ్చే వాలంటీర్లకి అవ్‌దా ఇంట్లోనే భోజనం, పడక.

నీలిమేఘం_లెస్టర్
పాలమూరు గారు అడిగింది మాకు శిక్షణలోనే చెప్తారు. ప్రాణానికో రేటు ఉంది, అన్యాయమైన రేటు, మీ పాస్‌పోర్ట్‌కి ఉన్న ఆ విలువని మీరు వాళ్ళ కోసం ఖర్చు పెట్టడానికే వచ్చారు, ఫొటోలు దిగడానికి కాదు అని. నాకు ఇందులో గొప్పగా అనిపించేదేమీ లేదు, కానీ ఆ ఖర్చుతో కొన్ని పనులు జరుగుతాయి.

తువానీ పిల్లల కథ చెప్తాను, రమ్య గారి తమ్ముడు ఇది తెలుసుకోవాలి. హెబ్రాన్ దక్షిణపు కొండల్లో తూబా అనే చిన్న పల్లె. బడి పక్కూరు అత్-తువానీలో. మధ్యలో సెటిల్‌మెంట్ వచ్చింది. దగ్గర దారిలో వెళ్తే పిల్లల మీద దాడులు, చుట్టు దారిలో వెళ్తే చాలా దూరం. 2004లో క్రిస్టియన్ పీస్‌మేకర్ టీమ్స్ వాళ్ళు, ఇటలీ నుంచి వచ్చిన ఆపరేషన్ డవ్ వాళ్ళు పిల్లలతో పాటు నడవడం మొదలుపెట్టారు. సెప్టెంబర్ చివర్లో ముసుగులేసుకున్నవాళ్ళు గొలుసులతో, కర్రలతో కొడితే ఇద్దరు వాలంటీర్లు ఎముకలు విరిగి ఆస్పత్రి పాలయ్యారు. అప్పుడు వార్త అయింది. ఇజ్రాయెల్ పార్లమెంటు కమిటీ దాకా వెళ్ళింది. ఆ తర్వాత సైన్యమే పిల్లలకి కాపలాగా నడవాలని ఆదేశం వచ్చింది. సైనికులు కొన్ని రోజులు ఆలస్యంగా వస్తారు, కొన్ని రోజులు రారు, వాలంటీర్లు ఏళ్ళ తరబడి ఆ కొండ మీద నిలబడి ఏ రోజు వచ్చారు, ఏ రోజు రాలేదు అని పుస్తకంలో రాసుకుంటూ ఉన్నారు. అంతకుముందు ఏళ్ళుగా ఆ పిల్లలు దెబ్బలు తింటుంటే కదలని పార్లమెంటు ఇద్దరు విదేశీయుల ఎముకలకి కదిలింది. అన్యాయమే. కానీ ఆ పిల్లలు బడి పూర్తి చేశారు.

పాలమూరు_పిల్లగాడు
సమజైంది. పిల్లగాండ్లు బడికి పోయిన్రంటే సాలు.

సందేహాల_సుబ్బారావు
20 ఏళ్ళ కిందటి విజయాలు చెప్తున్నారు. ఇప్పుడు పనిచేస్తోందా? సెటిలర్లు పెరిగారు, ఊళ్ళు ఖాళీ అయ్యాయి, గాజా నేలమట్టమైంది. ఆలివ్ కాయలు కోసి ఏం ఆపారు?

పుస్తకాల_పురుగు
సుబ్బారావు గారి ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోను. 2025 అక్టోబర్ ఒక్క నెలలో సెటిలర్ల దాడులు 260 దాటాయి. ఐక్యరాజ్యసమితి 2006 నుంచి లెక్క రాస్తోంది, ఏ నెలలోనూ అన్ని లేవు. అదే నెలలో బురీన్ దగ్గర కోతలకి వచ్చిన 30 మందికి పైగా విదేశీయుల్ని పట్టుకుని దేశం నుంచి పంపేశారు. హెబ్రాన్‌లో దేశాల ఒప్పందంతో 1997 నుంచి ఉన్న నార్వే, ఇటలీ వగైరా పరిశీలకుల్నే 2019లో పొమ్మన్నారు, వాలంటీర్లు ఎంత? రక్షణ పలచబడింది, నిజం. పనికిరాకపోతే ఇంత కష్టపడి పంపించెయ్యడం దేనికి?

కోనసీమ_కుర్రాడు
అది వాదన కాదు సార్. ఇబ్బంది పెట్టేవాళ్ళని ఏ ప్రభుత్వమైనా పంపేస్తుంది. ఉపయోగం ఉందని దాన్నిబట్టి చెప్పలేం.

పుస్తకాల_పురుగు
అలా అనుకుంటే ఇలా చూడండి. పంపేసిన రోజు ఆ తోటలో కోత ఆగింది. వాళ్ళున్న రోజు సాగింది. రైతు ఆ ఒక్క తేడా చూసే పిలుస్తున్నాడు. పాలస్తీనాలో 80,000 నుంచి లక్ష కుటుంబాలకి ఆలివ్ మీద వచ్చే డబ్బే ఆసరా. గాజాని ఆపలేదన్నది నిజం. ఈ సంవత్సరం ఈ కుటుంబానికి నూనె ఉందా లేదా అన్నది కూడా నిజమే.

వకీల్_సాబ్_హన్మకొండ
రమ్యమ్మా, వీసా సంగతి.

ఒకటి, ఇండియన్ పాస్‌పోర్ట్‌కి ఇజ్రాయెల్ వీసా ముందే తీసుకోవాలె. వెస్ట్ బ్యాంక్‌కి వేరే దారి లేదు. బెన్ గురియన్ ఎయిర్‌పోర్ట్ అయినా, జోర్డాన్ దిక్కు అలెన్బీ వంతెన అయినా తనిఖీ ఇజ్రాయెల్‌దే. 2017 నుంచి ఇజ్రాయెల్‌ను బహిష్కరించాలన్న పిలుపుకి మద్దతిచ్చే విదేశీయుల్ని రానియ్యకుండ చట్టం ఉన్నది. పట్టుకుంటే వెనక్కి పంపి ఏండ్ల తరబడి నిషేధం పెట్టొచ్చు.

రెండు, అమెరికా. 2025 వసంతం నుంచి పాలస్తీనా నిరసనల పేరు మీద విద్యార్థుల వీసాలు రద్దు చేసిన్రు. కొలంబియాల పీహెచ్‌డీ చేస్తున్న మన భారతీయ అమ్మాయి వీసా పోయి కెనడాకి వెళ్ళిపోయింది. జార్జ్‌టౌన్‌ల భారతీయ పరిశోధకుణ్ణి నిర్బంధించిన్రు. ఇవన్నీ వాళ్ళు అమెరికాల ఉండంగనే జరిగినయ్. మీ తమ్ముడు పోయి, అక్కడ డిపోర్ట్ అయ్యి, మళ్ళ అమెరికా ఎయిర్‌పోర్ట్‌ల దిగితే ఏం జరుగుతదో నేను హామీ ఇయ్యలేను. పోయే ముందు యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు కాదు, బయటి ఇమ్మిగ్రేషన్ వకీలును కలవమనుండ్రి.

అమెరికన్ పాస్‌పోర్ట్‌కి కూడా ఇప్పుడు తూటా ఆగుతలేదు. ఇండియన్ పాస్‌పోర్ట్ కోసం రామల్లాల మన ప్రతినిధి కార్యాలయం ఉన్నది, కానీ మీవాని కోసం ఢిల్లీ గొంతెత్తుతదా? నేనైతే దాని మీద ఆశ పెట్టుకోను.

నీలిమేఘం_లెస్టర్
చివర్లో రాస్తానన్నది ఇదే. వకీల్ సాబ్ చెప్పినదాంతో ఏకీభవిస్తాను. అక్కడికి వచ్చేవాళ్ళకి ముందు వేసే ప్రశ్న "నిన్ను పట్టుకుంటే నీకేం పోతుంది?" అని. నాకు పోయేది తిరిగి వెళ్ళే అవకాశం. అది పోయింది కూడా. మీ తమ్ముడికి పోయేది చదువు. అది తప్పో ఒప్పో నేను చెప్పను, కానీ కోతలు జరిగే ఊరివాళ్ళు కూడా అతన్ని అదే అడుగుతారు. అన్నీ పోగొట్టుకుని రమ్మని వాళ్ళు ఎవరినీ అడగరు.

ఇంటి నుంచి చేసే పని చాలా ఉంది. గాయపడినవాళ్ళకి, నిర్బంధించిన రైతులకి లాయర్ల ఖర్చు. వీడియోలు తేదీ, చోటు, సమయం చూసి భద్రపరచడం. మాకు ఆ పని చేసేవాళ్ళు ఎప్పుడూ తక్కువే. సాఫ్ట్‌వేర్ చదివే కుర్రాడైతే వాళ్ళకి బంగారం. మీకు దగ్గర్లో ఒలింపియాలో రేచల్ కుటుంబం పెట్టిన ఫౌండేషన్ ఉంది, రఫాతో ఒలింపియాని జత చేసే ప్రాజెక్టు ఉంది.

సరళ_బర్మింగ్‌హామ్
ఇంతసేపు చదువుతూ ఉన్నా. చర్చి వైపు నుంచి ఇంకో దారి ఉంది. మన సీఎస్ఐ కూడా సభ్యత్వమున్న ప్రపంచ చర్చిల మండలి 2002 నుంచి తోడు నడిచే కార్యక్రమం నడుపుతోంది, ఈఏపీపీఐ అంటారు. మూడు నెలలు ఉండాలి. వాళ్ళు నిరసనల్లో పాల్గొనరు, చెక్‌పోస్టుల దగ్గర, బడి దారుల్లో నిలబడి చూసి రాస్తారు. ఎక్కువగా యూరప్ దేశాల నుంచే తీసుకుంటారు. చదువయ్యాక చూసుకోవచ్చు.

సందేహాల_సుబ్బారావు
నేనింకా మీ అందరితో ఒప్పుకోను. కానీ రమ్య గారూ, ఒక్కటి. మీవాడు వెళ్ళినా మానినా ఇంట్లో చెప్పి చెయ్యమనండి. టీవీలో చూసి తెలుసుకోకూడదు తల్లిదండ్రులు.

రెడ్మండ్_రమ్య
నిన్న రాత్రి వాడితో కూర్చుని ఈ చర్చంతా చదివాం. ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. వీడియోల పని గురించి నీలిమేఘం గారికి మెసేజ్ పెట్టాడు, చూడండి. మనసు మార్చుకున్నాడా అంటే లేదు. "ఈ అక్టోబర్ కాకపోతే చదువయ్యాక" అంటున్నాడు. నేను కాదనలేకపోయాను. అమ్మకి ఆదివారం నేనే చెప్తాను.

నీలిమేఘం_లెస్టర్
మెసేజ్ చూశాను. అరబిక్ రాకపోయినా పర్లేదు, ఓపిక ఉంటే చాలు. వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలడో ముందే చెప్పమనండి, ఒప్పుకుని మధ్యలో మానేస్తే ఆ కేసు ఫైలు ఆగిపోతుంది.

పాలమూరు_పిల్లగాడు
ఆ పని నేను గూడ చేస్త. రాత్రి షిఫ్ట్, పగలు ఖాళీ. ఎవరిని అడగాలె?

నీలిమేఘం_లెస్టర్
నాకే మెసేజ్ పెట్టండి.